సాక్ష్యం చెప్పాక వచ్చిన ఆయాసం

మా అత్తమ్మ గుండె బాగైపోయిందని ఆబిడ్స్‌లోని మా చర్చి అంతటికీ తెలిసిన ఆదివారం నాడు, అది బాగవలేదని తెలిసినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు ఆమెను చూస్తున్న గుండె డాక్టరు. ఆయన మా చర్చికి రాడు. రెండోదాన్ని నేను. ఆడవాళ్ళ వైపు ఆఖరి బెంచీలో, ఐదు నెలల కూతురిని ఒళ్ళో వేసుకుని, అది గొంతెత్తగానే బయటికి పరిగెత్తేందుకు వీలుగా తలుపు పక్కన కూర్చుని ఉన్నాను.

పాట అయ్యాక, ప్రసంగానికి ముందు అయ్యగారు, అంటే మా పాస్టరు, "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి" అన్నారు. మా సంఘంలో ఇది ఆనవాయితీ. పిల్లవాడు పరీక్ష పాసైనా, బదిలీ ఆగినా, కుక్క కరిచి ఏమీ కాకపోయినా, దేవుడు చేసిన మేలును నలుగురిలో నిలబడి చెప్పాలి. చెప్పనివాళ్ళు మేలు మరిచినవాళ్ళు. చెప్పినవాళ్ళు ఆ మాట మీద నిలబడవలసినవాళ్ళు. ఈ రెండో సంగతి ఎవరూ పైకి అనరు గానీ అందరికీ తెలుసు.

అత్తమ్మ లేచింది. మెదక్ వైపు మిషన్ బడిలో ఏళ్ళ తరబడి మూడో తరగతికి చెప్పిన గొంతు ఆమెది. మైకు అక్కర్లేదు.

"రెండేండ్ల సంది నేను పండుకుంటే ఊపిరాడకపోయేది," అంది. "మూడు మెత్తలు ఎనక పెట్టుకొని, కూసున్నట్టే నిద్రపోయేదాన్ని. మాత్రలు మింగి మింగి నోరు చేదైంది. తొడ నుంచి గొట్టం పంపి గుండెల బుగ్గ పెట్టి ఉబ్బియ్యాలె అన్నరు డాక్టర్లు. నా దేవుడు ఏ బుగ్గా లేకుంటనే నా గుండె తలుపు తీసిండు. నిన్న రాత్రి ఒక్క మెత్త మీద పండుకున్న. స్తోత్రం!"

చర్చి అంతా స్తోత్రం అంది. నా ముందు బెంచీలోని పెద్దావిడ వెనక్కి తిరిగి నా చెయ్యి నొక్కి, "ఎంత ధన్యురాలివమ్మా, ఇసొంటి అత్త దొరికింది" అంది. నేను నవ్వాను. అంతలో ఒళ్ళో పిల్ల తుమ్మింది. అది జలుబు తుమ్మా, ఊరికే తుమ్మా అని తేల్చుకునేసరికి ప్రసంగం అయిపోయింది.

ఆ రోజుల్లో నా పని ఊపిరి లెక్క చూసుకోవడమే. పిల్ల పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. పక్క గదిలో అత్తమ్మ ఊపిరికి మాత్రం వేలు పెట్టనక్కర్లేదు. గోడ ఇవతలికి కూడా వినిపించేది. ఒకరి ఊపిరి వినిపించక భయం, ఇంకొకరిది వినిపించి భయం. మా ఆయన ముందు గదిలో హాయిగా గురకపెట్టేవాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఫికర్ కలిగించని ఊపిరి ఆయనదొక్కటే.

అసలు జరిగింది చెప్పాలి.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. మనిషి గుండె బొమ్మ రంగు పెన్సిళ్ళతో వేసి, భాగాలు గుర్తించి, మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఎడమ వైపు పై గదికీ కింది గదికీ నడుమనున్న కవాటానికి బాణం గీసి పేరు రాసేటప్పుడు, దాని రెక్కలు అతుక్కుపోతే ఒక ఇంట్లో పప్పులో ఉప్పు మీద ఎన్ని గొడవలవుతాయో మా లెక్చరర్ చెప్పలేదు. అత్తమ్మకు చిన్నప్పుడు హాస్టల్లో కీళ్ళ జ్వరం వచ్చిందట. అప్పుడు వచ్చి పోయిన జ్వరం, పోతూ పోతూ ఆ కవాటాన్ని పాడుచేసి పోయింది. యాభై దాటకముందే మెట్లు ఎక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, ఆ తర్వాత పడుకుంటే ఆయాసం.

డాక్టరు పాతబస్తీ మనిషి. ఉర్దూ కలిసిన తెలుగులో, కాగితం మీద నాలుగు గదులు గీసి, ఒక ఇంటి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

"చూడమ్మా, ఈ రెండు కమ్రాల నడుమ తలుపు జామైంది. నెత్తురు ముందుకు పోతలేదు. ఎనకకు, ఊపిరితిత్తుల్లకు వస్తున్నది. నీళ్ళ మాత్ర ఆ నీళ్ళు తోడుతది. తలుపు తీయదు."

"మాత్ర పెంచరాదా సారూ?" అంది అత్తమ్మ.

"పెంచిన. మళ్ళ పెంచిన. ఇంక పెంచితే కిడ్నీలు తిడ్తయి. మందులతోటి అయ్యేదంతా అయిపోయింది."

అప్పుడు బుగ్గ, అంటే బెలూను, సంగతి చెప్పాడు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపుతారు. గొట్టం కొసకు చిన్న బుగ్గ. జామైన తలుపు నడుమకు చేర్చి దాన్ని మందు నీళ్ళతో ఉబ్బిస్తారు. అతుక్కున్న రెక్కలు విడిపోతాయి. బుగ్గను మళ్ళీ ముడిచి వెనక్కి తెచ్చేస్తారు. ఛాతీ కోసేది లేదు, మత్తు ఇచ్చేది లేదు.

"నుమాయిష్‌ల అమ్మే బుగ్గనా?" అంది అత్తమ్మ.

"కాదమ్మా, వేరే."

"మా నాంపల్లిల ఏటా నుమాయిష్ పెడ్తరు. బుగ్గ కొంటే గేటు దాటకముందే పగుల్తది."

"ఇది పగలదు."

"తొడ నుంచే ఎందుకు? చెయ్యి లేదా నాకు?"

డాక్టరు నా వంక చూశాడు. నేను కాగితం మీది నాలుగు గదుల వంక చూశాను. అసలు అడ్డం అక్కడుందని నాకు తెలుసు. ఇంట్లో కొడుకు ముందు కూడా కొంగు భుజం దాటనివ్వని మనిషి, ముక్కూమొహం తెలియని మగవాళ్ళ ముందు తొడ చూపించడమా? దానికంటే చావే మర్యాదగా ఉంటుందని ఆమె లెక్క.

"ప్రార్థన చేసుకొని చెప్త," అంది. మావాళ్ళలో కుదరదని చెప్పే పద్ధతి అది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే కాళ్ళు మద్దెలల్లా ఉబ్బి, మాట మాటకూ ఆగాల్సి వచ్చి, ఆమెను దవాఖానలో చేర్చాం. నరానికి సూది మందు ఇచ్చి నీళ్ళు దింపారు. కాళ్ళ మీద ఎముకలు మళ్ళీ కనబడ్డాయి. మొహం సన్నబడి ఆమె పెళ్ళి ఫోటోలోలా అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు స్పష్టంగానే చెప్పాడు: "ఇది తోడిన బావి. మళ్ళ ఊర్తది. బుగ్గకు తారీఖు తీసుకోండ్రి." అత్తమ్మ తల ఊపింది. ఆ వచ్చిన ఆదివారమే చర్చిలో లేచి నిలబడింది.

ఆమె అబద్ధం చెప్పిందని నేననను. చాలా కాలం తర్వాత ఒక్క దిండు మీద పడుకున్న మనిషికి, అది నీళ్ళ మందు చేసిన పనా, దేవుడు చేసిన పనా అని విడదీసి చూసే ఓపిక ఉండదు. బావి ఊరడానికి నాలుగు రోజులు పడుతుంది. సాక్ష్యం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

బావి ఊరింది. రెండో దిండు మెడ నొప్పి పేరుతో వచ్చింది. మూడోది ఏ పేరూ లేకుండా వచ్చింది. చర్చిలో పాటకు అందరూ నిలబడితే ఆమె కూర్చుని, పక్కనున్నవాళ్ళతో "మోకాళ్ళమ్మా" అనేది. పాటలో ప్రతి వరుసకూ మొదటి మాట మాత్రం గట్టిగా అందుకుని, మిగతాది సంఘానికి వదిలేసేది. ఏళ్ళ తరబడి ఆడవాళ్ళ పాటలకు ఆమే ముందుండేది కాబట్టి, ఆమె ఆగినా పాట ఆగేది కాదు.

అంతకంటే పెద్ద చిక్కు మాత్రలతో వచ్చింది. నీళ్ళ మాత్ర వేసుకుంటే గంటకోసారి లేవాలి. కూటంలో, అంటే ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థనలో, అందరూ కళ్ళు మూసుకుని ఉండగా బాత్రూం ఎక్కడని అడగడం ఎలా? అందుకని కూటం ఉన్న రోజు ఆమె ఆ మాత్ర మానేసేది. ఇది మా చర్చిలో కొత్త కాదు. బీపీకీ గుండెకూ నీళ్ళ మాత్రలు మింగే పెద్దవాళ్ళు ఆదివారం ఉదయం వాటిని ముట్టరు, మూడు గంటల ఆరాధన ఉండే గుడ్ ఫ్రైడే నాడైతే అసలే ముట్టరు. ఏ డాక్టరూ ఈ లెక్క కట్టి ఉండడు. మామూలుగా అత్తమ్మకు వారానికి రెండు కూటాలు. సాక్ష్యం చెప్పాక దాదాపు రోజూ ఒకటి. స్వస్థత పొందిన మనిషిని అందరూ పిలుస్తారు కదా. గుండె బాగైందన్న పేరు మీద, గుండెకు కావలసిన మాత్ర అలా మానిపోయింది.

పిలవడమే కాదు, వచ్చేవాళ్ళు కూడా. నాంపల్లి స్టేషను వెనక మేడ మీద మాకు రెండున్నర గదుల కిరాయి ఇల్లు. ఉబ్బసమున్నవాళ్ళు, దగ్గు తగ్గనివాళ్ళు, ఛాతీ పట్టేసినవాళ్ళు ఆ మెట్లెక్కి, ఎగపోస్తూ వచ్చి కూర్చునేవాళ్ళు. అత్తమ్మ వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. మా వాళ్ళ ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయి. ఆదికాండం దగ్గర మొదలై, కార్పొరేషన్ నీళ్ళ దాకా వచ్చి, అప్పుడు రోగం దగ్గరికి వస్తాయి. అత్తమ్మకు అంత ఊపిరి ఎక్కడిది?

"ప్రభువా. ఈ బిడ్డను. చూడు. ఆమేన్," అనేది.

ఈ ప్రార్థన ఊరంతా పేరు తెచ్చుకుంది. "నాలుగే మాటలమ్మా! కత్తి లెక్క!" అని ఒకామె మెట్లు దిగుతూ నాతో అంది. "మా దగ్గర అయ్యగారు అరగంట చేస్తడు, ఏమైతలేదు." ఆ నాలుగు మాటల మధ్య ఆగిన చోట్లు భక్తి అనుకున్నారు. ఆత్మ దిగుతున్నదని కొందరన్నారు. దిగుతున్నది ఊపిరితిత్తుల్లోకి నీళ్ళని నేను చెబితే ఎవరు వింటారు?

నా భయంలో ఒక స్వార్థం కూడా ఉంది. పిల్లను ఎత్తుకునేది ఆమే. స్నానం చేయించి, కాళ్ళ మీద బోర్లా వేసుకుని, సాంబ్రాణి వేసేది ఆమే. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేసి దిగుతున్నాను. కింద అత్తమ్మ పిల్లను భుజాన వేసుకుని, గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. పిల్ల ఆమె జడ పీకుతోంది. అత్తమ్మ పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నేను పిల్లను లాక్కున్నాను. ముందు పిల్లను లాక్కుని, తర్వాత అత్తమ్మకు కుర్చీ వేశాను. ఆ వరుస ఆమె గమనించింది.

"నీ బిడ్డను పడెయ్యనులే," అంది, ఊపిరి అందాక.

"పడేస్తారని కాదు అత్తమ్మా. దవాఖానకు పోదాం."

"పోయి ఏమని చెప్పాలె? దేవుడు చేసిండని సంఘం ముందల చెప్పి, మళ్ళ బుగ్గ కాడికి పోతే, ఆయన్ని అబద్ధికుణ్ణి చేసినట్టు కాదా?"

"మీరు పొరబడ్డారని చెప్పొచ్చు కదా."

"గదే. నేనన్న అబద్ధం చెప్పినట్టు, లేకుంటే ఆయనన్న చెయ్యనట్టు. రెండిట్ల ఏది చెప్పమంటవ్?"

జువాలజీలో దీనికి జవాబు లేదు. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు. అక్కడ కొన్న అట్ట ఊడిన వైద్య పుస్తకంలోనూ లేదు. ఆ పుస్తకంలో ఈ జబ్బుకు చికిత్స చేయకపోతే ఏమవుతుందో మాత్రం వరుసగా ఉంది. పిల్లకు పాలిస్తూ అదంతా చదివి, పాలు సరిగా రావడం లేదని ఇంకో భయం తెచ్చుకున్నాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన నాంపల్లి కోర్టులో గుమస్తా.

"గిదా నీ ఫికర్?" అన్నాడు. "మా కోర్టుల దినాం సాక్ష్యం తిప్పుతరు. పొద్దుగాల ఒకటి, లంచ్ అయినంక ఒకటి. ఎవరికేమైంది?"

"ఆ మాట మీ అమ్మతో అనండి."

ఆయన వెళ్ళి అన్నాడు. చెంప మీద చెయ్యి పెట్టుకుని తిరిగి వచ్చాడు. కొట్టలేదట, కొట్టినంత పని చేసిందట.

అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడు. అంతా విని, "ఆమె విశ్వాసాన్ని నేనెట్లా చల్లార్చేది అమ్మాయ్?" అన్నారు. "ఆమె సాక్ష్యం విని ముగ్గురు కొత్తవాళ్ళు ఆరాధనకు వస్తున్నారు." తర్వాత కొంచెం ఆలోచించి, "నువ్వు కూడా ప్రార్థన చెయ్యి, ఆమె మనసు మారేటట్టు" అన్నారు. అంటే మనసు మార్చే పని కూడా దేవుడి మీదకే నెట్టారు. నేను ప్రార్థన చేశాను. నాకు వచ్చిన జవాబు అఫ్జల్‌గంజ్ నుంచి బస్సులో వచ్చిందని ఇప్పుడు అనుకుంటాను గానీ, ఆ రోజు ఇంకో ఇద్దరు వచ్చారని విసుక్కున్నాను.

ఒక అత్తా కోడలూ. కోడలికి నా వయసే ఉంటుంది. చంకలో మా దానికంటే చిన్న పిల్లవాడు. మెట్లెక్కి రాగానే పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టేసి, గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నాకు ఒక చంకలో మా పిల్ల, ఇంకో చంకలో వాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఏడుపు మొదలుపెట్టారు.

ఆ అత్తగారు మాత్రం ఊపిరికి కొదవలేని మనిషి. "అమ్మా, మీ సాక్ష్యం మా ఆడబిడ్డ చెవులార విన్నది," అని మొదలుపెట్టింది. "మా కోడలికి గూడ గదే రోగం. గదే తలుపు, గదే బుగ్గ. కాన్పైనంక పండుకుంటలేదు, ఒక్కతీరు ఎగపోస్తది. మాత్రలకు లొంగుతలేదని సోమవారం రమ్మన్నరు బుగ్గకు. మేమిగ పోవద్దనుకున్నం. మీకు బుగ్గ లేకుంటనే అయింది గద. జర ఒక్కపారి చెయ్యి పెట్టుండ్రి, చాలు."

అత్తమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా," అంది.

ఆ తర్వాత ఆగింది. ఆగడం అలవాటే కాబట్టి ఆ అత్తగారు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఎదురు చూస్తోంది. నేను కళ్ళు మూయలేదు. ఇద్దరు పిల్లలతో కళ్ళు మూసుకునే ధైర్యం నాకు లేదు. అత్తమ్మా మూయలేదు. కింద కూర్చున్న ఆ పిల్ల మెడనే చూస్తోంది. మెడ మీద నరం పైకీ కిందికీ కొట్టుకుంటోంది. ఆ పిల్ల ఊపిరీ, మా అత్తమ్మ ఊపిరీ ఒకటే వేగంలో ఉన్నాయి. గదిలో పిల్లల ఏడుపు తప్పిస్తే ఆ రెండు చప్పుళ్ళే.

"సోమవారం పోండ్రి," అంది అత్తమ్మ.

ఆ అత్తగారు కళ్ళు తెరిచింది. "ఏడికి?"

"దవాఖానకు. బుగ్గకు."

"అయ్యో, ప్రార్థన చేస్తరనుకుంటే..."

"చేస్త. చేస్తనే ఉంట. మీరైతే పోండ్రి."

"మీరు పోలే గదమ్మా?"

అత్తమ్మ మంచం పట్టె పట్టుకుంది. ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు. ఎటు చెప్పినా నాకు భయమే.

"నేను గూడ పోతున్న."

"మీకెందుకు? మీకు బాగైంది గద?"

"కాలే."

"మరి చర్చిల నిలబడి చెప్పిన్రంట?"

"చెప్పిన. నాలుగు దినాలు మంచిగుంటే బాగైందనుకున్న. నన్ను చూసి ఈ పిల్లను ఆపకుండ్రి. దీని ఉసురు నాకొద్దు."

ఆ అత్తగారు లేచి, నా చంకలోంచి మనవణ్ణి గుంజుకుంది. "ఇదేందమ్మా! అఫ్జల్‌గంజ్ నుంచి రెండు బస్సులు మారి వచ్చినం. ముందుగాలనే చెప్తే మా తిప్పలు మేం పడుదుము గద," అంది. కోడల్ని లేపి, "నడువ్, ఈడ ఏం లేదు" అంది. ఆ పిల్ల మాత్రం వెళ్తూ వెళ్తూ అత్తమ్మ వంక ఒకసారి చూసింది. మాట్లాడేంత ఊపిరి లేకపోవడం వల్ల ఆ చూపుకు అర్థమేమిటో నాకు తెలియలేదు.

వాళ్ళు మెట్లు దిగాక అత్తమ్మ నాతో, "సోమవారానికి నా తెల్ల చీర ఉతికిందేనా?" అని మాత్రం అడిగింది.

దవాఖానలో మొదట కనబడింది ఆ అత్తగారే. వరండాలో స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. మా అత్తమ్మను చూసి మొహం తిప్పుకుంది. కోడల్ని అప్పటికే లోపల చేర్చారు. ఆ మొహం తిప్పుకోవడం చూసి అత్తమ్మకు ఎంత సంతోషమైందో. "వచ్చిన్రు," అంది నా మోచెయ్యి గిల్లి. "తిట్టుకుంటనన్న వచ్చిన్రు."

డాక్టరు దెప్పలేదు. "ప్రార్థన అయిందా అమ్మా?" అన్నాడంతే. ముందు నోట్లోంచి గొట్టం దింపి గుండెను వెనక నుంచి చూశారు. పై గదిలో రక్తం గడ్డకట్టి ఉంటే బుగ్గ పెట్టకూడదట. గడ్డ లేదు. కవాటం ఇంకా మెత్తగానే ఉందట, బుగ్గకు లొంగుతుందట. ఆ గొట్టం మింగుతూ ఆమె ఏం తిట్టిందో గొంతు పట్టేయడం వల్ల ఎవరికీ అర్థం కాలేదు. తొడ సంగతికి ఆమే ఒక దారి కనుక్కుంది. అక్కడ పనిచేసే సిస్టర్‌ను పిలిచి, "కప్పాల్సిందంతా నువ్వే కప్పు, తీయాల్సిందంతా నువ్వే తియ్యి. సార్లు గోడ దిక్కు చూడాలె" అని ఒప్పందం చేసుకుంది. సార్లు టీవీ తెర దిక్కు చూస్తారని, వాళ్ళకు గుండె తప్ప ఏమీ కనబడదని సిస్టర్ చెప్పింది. అది వినగానే ఆమె కొంచెం చిన్నబుచ్చుకుందని నా అనుమానం.

బుధవారం ఆమెను బుగ్గకు లోపలికి తీసుకెళ్ళాక నేను వరండాలో నిలబడలేకపోయాను. పిల్ల ఏడుస్తోంది. మా ఆయన సంతకాలకని వెళ్ళి ఇంకా రాలేదు.

"ఇటియ్యి," అని ఎవరో పిల్లను తీసుకున్నారు. అఫ్జల్‌గంజ్ అత్తగారు. "చేతులు చూడు ఎట్ల ఊగుతున్నయో. పడేస్తవ్ పసిదాన్ని." పిల్లను భుజాన వేసుకుని వీపు తడుతూ, ఎటో చూస్తూ, "మా దానికి నిన్న అయింది," అంది. "పొద్దుగాల ఇడ్లీ తిన్నది. నాలుగు."

"బాగుందా?"

"బాగుంటే బాగున్నది. మీ అత్తకు చెప్పకు, ఇంకింత ఎక్కుతది."

లోపల ఏం జరిగిందో అత్తమ్మ తర్వాత వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. తొడ దగ్గర ఒక్క సూది, ఆ తర్వాత నొప్పి లేదు. ఎక్కడో బొడ్డు పైన పురుగు పాకినట్టు. గుండె ఒక్కసారి దడదడలాడి, కళ్ళు చీకటి కమ్మాయి. లోపల ఎవరో భుజం పెట్టి తలుపు నూకినట్టైంది. అంతలోనే వెలుతురు. "దగ్గమ్మా" అని డాక్టరు గట్టిగా అన్నాడట. దగ్గింది. డాక్టర్లిద్దరూ తెర చూస్తూ ఏదో అంకె చెప్పుకుని నవ్వారట. "నేనేమో సావు బతుకుల మీదుంటే వాళ్ళు నవ్వుతున్నరేందని కోపమొచ్చింది," అనేది.

అసలు యుద్ధం ఆ తర్వాత వార్డులో. తొడ మీద ఇసుక సంచి బరువు పెట్టి, కాలు కదపకుండా, వెల్లకిలా, దిండు లేకుండా పడుకోవాలి.

"మెత్త లేకుంటే సస్త సిస్టరమ్మా."

"చావరు."

"రెండేండ్ల సంది నేను పండుకోలే. అడుగు మా కోడల్ని."

"తల ఎత్తొద్దు. రక్తం వస్తది."

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆయాసం మొదలవుతుందని ఇద్దరం ఎదురు చూస్తున్నాం. బస్సు కోసం చూసినట్టు చూశాం. రాలేదు. ఆమె పైకప్పు వంక చూస్తూ చాలాసేపటికి, "నేను అడ్డంగ పండుకున్ననా?" అని అడిగింది.

"ఔ అత్తమ్మా."

"పూరాగనా?"

"పూరాగా."

ఆమె కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తల తిప్పకూడదు కాబట్టి నేనే తుడిచాను. కాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయింది. మా ఆయన వచ్చి చూసి, "అమ్మ గురక పెడ్తదా?" అని ఆశ్చర్యపోయాడు. ఆయన గురక ఎవరి నుంచి వచ్చిందో ఆయనకు నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఆమె చర్చి గురించే ఆలోచించింది. సంఘం ముందు నిలబడి తప్పు దిద్దుకోవాలి. ఎలా చెప్పాలో పిల్లకు స్నానం చేయిస్తూ పైకి అని చూసుకునేది. పిల్ల అన్నిటికీ నవ్వేది. ఆదివారం రాగానే, అయ్యగారు అడగకముందే లేచింది.

"ఆ దినం నేను తొందరపడ్డ," అంది. గొంతు ఎప్పటిలా ఆఖరి బెంచీ దాకా వచ్చింది. "నా గుండె అప్పుడు బాగు కాలే. సూది మందుతోటి నీళ్ళు పోయినయి, గంతే."

"స్తోత్రం!" అన్నారు ఎవరో.

"ఆగుండ్రి. దాన్ని నేను స్వస్థత అనుకున్న. మళ్ళ ఆయాసమొచ్చినా మీ ముందల దాచిన."

"స్తోత్రం!" ఈసారి ఇంకొంతమంది.

"స్తోత్రం కాదు, వినుండ్రి. నా మాట విని ఒక పిల్ల దవాఖానకు పోకుంటుండె. మొన్న నేను గూడ పోయి బుగ్గ పెట్టించుకున్న. గిప్పుడు బాగైంది."

చర్చి మారుమోగింది. అయ్యగారు రెండు చేతులూ ఎత్తి, "మన సహోదరికి దేవుడు ఒక్కసారి కాదు, రెండుసార్లు స్వస్థత ఇచ్చాడు" అన్నారు. పెట్టె హార్మోనియం అందుకుంది. అత్తమ్మ నోరు తెరిచి నిలబడే ఉంది. తర్వాత, ఎవరూ వినడం లేదని తెలిసి, కూర్చుంది.

ఆటోలో ఇంటికొస్తూ ఒక్క మాటంది: "మూడో తరగతి పిల్లలు నయం. తప్పంటే తప్పు అని కొట్టేసి రాసుకుంటరు."

ఇదంతా జరిగి కొన్నేళ్ళైంది. ఇప్పుడు రెండోది పుట్టింది. అది పడుకున్నాక, ముక్కు కింద వేలు పెట్టి చూసి, వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. డాక్టరు అప్పుడే చెప్పాడు, తలుపు తీశాం గానీ కొత్తది పెట్టలేదు, ఎప్పుడైనా మళ్ళీ బిగుసుకోవచ్చు, ఏటా వచ్చి చూపించుకోవాలి అని. కొన్ని మాత్రలు తగ్గాయి, కొన్ని ఉన్నాయి. ఆదివారం పొద్దున కూడా వేసుకుంటుంది. ప్రార్థన నడుమ లేచి వెళ్తుంది, ఎవరేమనుకున్నా సరే. ప్రార్థన చేయమని వచ్చేవాళ్ళు తగ్గలేదు. తల మీద చెయ్యి పెట్టేముందు, "డాక్టరు ఏమన్నడు?" అని అడుగుతుంది. జవాబు సరిగా లేకపోతే, వాళ్ళను దవాఖానకు తీసుకుపోయేందుకు చెప్పులేసుకుంటుంది.

మొన్న కూడా అంతే. కాళ్ళ వాపుతో ఒక పెద్దాయన వచ్చాడు. దవాఖాన అంటే భయమట. అత్తమ్మ కొంగు దోపుకుని లేచింది. పొయ్యి మీద కుక్కరు, చంకలో చిన్నది, పెద్దది బడి నుంచి వచ్చే వేళ.

"అత్తమ్మా, చిన్నదాన్ని ఎవరు చూస్తారు?"

"నీ బిడ్డ. నువ్వు చూసుకో. నాకు పనున్నది," అంది, ఆయన్ని ముందు నడిపించుకుంటూ.

కిటికీలోంచి చూశాను. కింద రోడ్డు మీద బస్సులు, ఆటోలు, తోపుడు బండ్లు. ఆమె ఒక చెయ్యి ఎత్తి, బడి పిల్లలను ఆపినట్టు, బస్సును ఆపింది. బస్సు ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి ఏదో తిట్టాడు. ఆమె ఆ పెద్దాయనను దాటించి, వెనక్కి తిరిగి డ్రైవరుకు జవాబు చెప్పడానికి నడిరోడ్డు మీద నిలబడింది. చాలాసేపు చెప్పింది.